లిజవేత పేరు ఎవరికి యాదికున్నది?

దోస్తోయెవ్‌స్కీ రాసిన ‘నేరము-శిక్ష’ చదవనోడు సాహిత్యం చదివినట్టే కాదని మన సాహిత్య పెద్దమనుషులు ఏండ్ల సంది చెప్పుతున్నరు. సభల్లో చెప్తరు, ముందుమాటల్లో చెప్తరు. చెప్పేది కూడ ఎప్పుడూ ఒక్కటే. చట్టం వదిలినా అంతరాత్మ వదలదట. నేరం చేసినోన్ని వాని మనసే శిక్షిస్తదట.

సరే, చదివినం. జనగామల నేను, మానుకోటల ఒక మిత్రుడు, భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీల ఇంకో మిత్రుడు. ముగ్గురం ఒకే పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరం చదివినం. పుస్తకం జనగామ నుంచి మానుకోటకు రైలుల పోయింది. రైలు లేని భూపాలపల్లికి బస్సుల పోయింది. తిరిగొచ్చేసరికి పేజీల అంచుల నిండ మూడు చేతుల రాతలున్నయి. నవల గొప్పదే. దాని గొప్పతనం మీద మాకు పేచీ లేదు. దాన్ని మనకు ఏ తీరుగ చెప్పుకొచ్చిన్రో దాని మీదనే పేచీ. చంపినోని మనసు గురించి ఇన్ని ఏండ్లు మాట్లాడినోళ్ళు చచ్చినామె గురించి ఎందుకు మాట్లాడలేదు?

కథ తెలియనోళ్ళ కోసం నాలుగు మాటలు. 1866లో అచ్చయిన నవల ఇది. రష్యాల బానిస రైతులకు విముక్తి ప్రకటించి అప్పటికి ఐదేండ్లే అయింది. పీటర్స్‌బర్గ్ పట్నంల చదువు మధ్యల ఆగిపోయిన లా విద్యార్థి రస్కోల్నికోవ్. అద్దె కట్టలేడు, తిండికి లేదు. కుదువ వ్యాపారం చేసే అల్యోనా అనే ముసలామెను గొడ్డలితో చంపుతడు. లోకానికి పీడ పోతది, ఆ పైసలతో నలుగురికి మేలు చేయొచ్చని వాని లెక్క. ఆ పైసలు కూడ ముట్టడు. ఇగ అప్పటి సంది జ్వరం, పలవరింత, అనుమానం. ఆఖరికి పోలీసుల ముందు ఒప్పుకుంటడు. ఎనిమిదేండ్ల సైబీరియా శిక్ష పడుతది.

ఇది సభల్లో చెప్పే కథ. ఇందులో ఒక మనిషి తగ్గింది. ఆమె పేరు లిజవేత.

లిజవేత ముసలామెకు మారుతల్లి బిడ్డ, చెల్లె. ముప్పై ఐదేండ్లుంటయి. అక్క ఇంట్లనే రాత్రింబగళ్ళు చాకిరి, పైన అక్క చేత దెబ్బలు. పాత బట్టలు అమ్మిపెట్టి నాలుగు పైసలు తెస్తే అవి గూడ అక్కకే. ఎదురు మాట తెలియని మనిషి. హత్య జరిగిన గదిలకు అనుకోకుండ వస్తది. అదే గొడ్డలి ఆమె మీద లేస్తది. గొడ్డలి మొఖం మీదికి వస్తుంటే గూడ చేయి సరిగ్గ అడ్డం పెట్టుకోదు. ఇన్నేండ్లు దెబ్బలు తిన్న చేయికి అడ్డం పెట్టుకునే అలవాటే లేదు. ఆ ఒక్క చేయి దగ్గర నేను పుస్తకం మూసిన. అసొంటి చేతులు మన వాడలల్ల ఎన్ని చూసినం!

ఇంకో సంగతి. ఆ పిలగాడు అద్దెకున్న ఇంట్ల పనిచేసే నస్తాస్యా ఒకనాడు వానికి యాది చేస్తది, లిజవేత ఈ ఇంటికి వచ్చిపోయేది, నీ అంగి గూడ కుట్టిపెట్టింది అని. తన చినిగిన అంగికి కుట్లేసిన మనిషినే వాడు నరికిండు. సోన్యా వానికి చదివి వినిపించే సువార్త పుస్తకం ఉన్నది గద, ఏ పేజీ గురించైతే విమర్శకులు ఇన్నేసి వ్యాసాలు రాసిన్రో ఆ పుస్తకం, దాన్ని సోన్యాకు తెచ్చిచ్చింది లిజవేతనే. అంటే చంపినోని మోక్షానికి అక్కరకొచ్చిన పుస్తకం గూడ చచ్చినామె ఇచ్చిందే.

మరి ఇంత పశ్చాత్తాపం పడ్డ రస్కోల్నికోవ్ లిజవేతను ఎన్నిసార్లు తలుచుకున్నడు? లెక్కపెట్టి చూడుండ్రి. ముసలామె కలల్లకు వస్తది. ముసలామె గురించి వాదాలు నడుస్తయి. లిజవేత గురించి తనకు ఆలోచనే ఎందుకు వస్తలేదని ఒక్క తావున వాడే ఆశ్చర్యపోతడు. దోస్తోయెవ్‌స్కీకి ఈ సంగతి తెలుసు కాబట్టే ఆ వాక్యం రాసిండు. రాజద్రోహం కింద దొరికి, 1849లో తుపాకుల ముంగట మరణశిక్ష దాక పోయి, ఓమ్‌స్క్ జైలుల నాలుగేండ్లు సంకెళ్ళతో గడిపినోడు. అడుగున ఉన్న మనిషిని చూసినోడు. చూడనిది మన విమర్శకులే. ఇన్నేండ్ల సంది ఇన్ని సమీక్షలు రాసిన్రు, ఆ వాక్యం దగ్గర ఒక్కరన్న ఆగిన్రా?

ఇప్పుడు మా మాట చెప్తం. అంతరాత్మ అనేది నిజమే కావొచ్చు. కాని అది గడపలు చూసుకొని నడుస్తది. తనకు సమానం అనుకున్న మనిషిని చంపితేనే కలత పడుతది. మనిషే కాదనుకున్న మనిషిని చంపితే హాయిగ నిద్ర పోతది.

రస్కోల్నికోవ్ ఒక వ్యాసం రాస్తడు నవలల. మనుషులు రెండు తీర్లు, మామూలోళ్ళు, అసామాన్యులు. మామూలోళ్ళు లోబడి ఉండాలె. అసామాన్యులకు అవసరమైతే రక్తం మీదుగ అడుగేసే హక్కున్నది. దీన్ని చూసి యూరపు విమర్శకులు నెపోలియన్ అన్నరు. మా మానుకోట మిత్రుడు అంచుల ఒక్క ముక్క రాసిండు: “వీడెవడో మనువుకు మనుమడు.” మనుస్మృతి పదకొండో అధ్యాయం చూడుండ్రి. బ్రాహ్మణున్ని చంపితే మహాపాతకం. క్షత్రియున్ని చంపితే అందులో నాలుగో వంతు ప్రాయశ్చిత్తం, వైశ్యునికి ఎనిమిదో వంతు, శూద్రునికి పదహారో వంతు. పిల్లినో కుక్కనో కప్పనో కాకినో చంపితే ఎంతో, శూద్రున్ని చంపితే అంత. ఇగ శూద్రునికీ కింద ఊరవతల ఉన్నోని సంగతి ఎవలు అడుగుతరు? ఈ దేశంల అంతరాత్మకు తూకపురాళ్ళు ఎన్నడో తయారు చేసిపెట్టిన్రు. బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌ల ఊకనే కాలబెట్టలే.

అదే డిసెంబర్ 25, ఇంకో ఏడు, 1968. తమిళనాడు కీలవెన్మణిల కూలి పెంచమన్నందుకు 44 మంది దళితులను గుడిసెల పెట్టి కాల్చిన్రు. ఆడోళ్ళు, పిల్లలే ఎక్కువ. మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టింది. అంత భూమి ఉన్న పెద్దమనుషులు తామే నడుచుకుంట పోయి నిప్పు పెడుతరంటే నమ్మబుద్ధి కాదన్నట్టుగ చెప్పింది. రస్కోల్నికోవ్ వ్యాసం తీర్పై కూసున్నట్టు లేదా?

1985 జులై 17, కారంచేడు. ఆరుగురు మాదిగలను వెంటపడి చంపిన్రు. సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పేసరికి 2008 డిసెంబర్ వచ్చింది. 1991 ఆగస్టు 6, చుండూరు. ఎనిమిది మంది దళితులను నరికి సంచుల కుక్కి కాలువల పారేసిన్రు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. నేరానికీ ఈ తీర్పుకూ మధ్య 22 ఏండ్ల పైన గడిచింది. ఇన్ని ఏండ్లల్ల ఒక్కడంటే ఒక్కడు నిద్ర పట్టక లేచి, జ్వరం వచ్చినట్టు వణుకుకుంట పోలీసు ఠాణాకు పోయి “నేనే చంపిన” అన్నడా? అన్నట్టు మేం ఎక్కడా వినలేదు. నవల చెప్పిన మానసిక నరకం ఆ ఊర్లల్ల ఏ ఇంటి తలుపు కొట్టింది?

గొడ్డలి సంగతి గూడ చూడాలె. ఆ గొడ్డలి రస్కోల్నికోవ్‌ది కాదు. వాకిలి కావలోని గదిల నుంచి తీసుకుంటడు. పని అయినంక కడిగి మళ్ళ అక్కడనే పెడుతడు. కావలోనికి ఏమీ తెలియదు. మన దగ్గర గూడ గొడ్డలి ఎప్పుడూ పైవాడు పట్టడు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల ప్రణయ్‌ను గర్భవతైన భార్య పక్కనుండంగ, ఆస్పత్రి ముంగట నరికింది కిరాయి మనిషి. ఒక దళిత పిలగాడు పై కులం పిల్లను చేసుకున్నడన్నదే కారణం. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ మధ్య కాలంల అసలు నేరం అమ్మాయిదే, తండ్రి పరువు తీసిందని మాట్లాడిన నోర్లు ఎన్ని! చంపించినోని దుఃఖం మీద జాలి పడ్డోళ్ళు ఎందరు! అక్కడ గూడ నవల చంపినోని వైపు నుంచే చదివిన్రు.

ఇగ మికోల్కా. ముసలామె ఇంటి కింది అంతస్తుల రంగులేసే పల్లెటూరి కూలోడు. పనిచేసే ఇంట్ల పడ్డ కమ్మల డబ్బా దొరికితే తీసుకపోయి కుదువ పెట్టి తాగుతడు. హత్య సంగతి తెలిసినంక భయంతోటి ఉరేసుకోబోతడు. పట్టుకపోతరు. తర్వాత చేయని హత్యను చేసిన్నని తనే ఒప్పుకుంటడు. పోర్ఫిరీ అనే తెలివైన పోలీసు అధికారి ఉన్నడు కాబట్టి బతికిండు. మా మానుకోట మిత్రుడు ఇక్కడ ఒక పేజీ అంచు మొత్తం నింపిండు. ఆయన మాటలు ఇవి: “ఊర్ల ఏ ఇంట్ల తాళం పగిలినా జీపు ముందుగాల ఎరుకల వాడకే వస్తది, తండాకే వస్తది. మనకు పోర్ఫిరీ దొరకడు. మికోల్కా ఎందుకు ఒప్పుకున్నడని సదువుకున్నోళ్ళు తర్జనభర్జన పడుతున్నరు. ఠాణా మెట్లెక్కిన కూలోన్ని అడిగితే చెప్తడు.”

ఆయన మాటకు ఒక తేదీ కలుపుత. ‘నేరము-శిక్ష’ వచ్చిన ఐదేండ్లకు, 1871ల, ఈ దేశంల తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చిన్రు. ఫలానా తెగల పుడితే చాలు, నేరస్తుడే. హాజరు పట్టీ, ఊరు దాటాలంటే చీటీ. ఆంధ్రల ఎరుకలోళ్ళను స్టూవర్ట్‌పురం సెటిల్‌మెంట్‌ల పెట్టింది ఈ చట్టం కిందనే. 1952 దాక అది పోలే. రష్యాల ఒక రచయిత నేరం చేసినోని మనసుల నేరభావం ఎట్ల పుడుతదో వెతుకుతుంటె, ఇక్కడ నేరం చేయనోని పుట్టుకల దాన్ని రాసిపెట్టిన్రు.

తెల్లోడు చట్టం చేయకముందే మనోళ్ళు శాస్త్రం చేసిన్రు. పోయిన జన్మల పాపం చేసినవు, అందుకే ఈ జన్మల మాలవాడల పుట్టినవు, మాదిగవాడల పుట్టినవు. ఏం పాపం? చెప్పరు. ఎవల మీద చేసిన? చెప్పరు. సాక్షి ఎవలు? ఎవలూ లేరు. శిక్ష మాత్రం పుట్టిన నాటి సంది మొదలు. దోస్తోయెవ్‌స్కీ నవలల నేరం మొదటి భాగంలనే అయిపోతది, శిక్ష ఆఖరున పడుతది. మనం పుట్టిన దేశంల శిక్ష ముందు. నేరం ఏందన్నది వెతుక్కోమంటరు. అందుకనే నేరభావం మీద గొప్ప పుస్తకం అని మనకు చెప్పినప్పుడు మనోళ్ళకు నవ్వొస్తది. నేరభావం మాకు కొత్తనా? చేసినోళ్ళు మోయాల్సిన సిగ్గును మా తాతలు మోసిన్రు. చెప్పులు చేతుల పట్టుకొని నడిచింది వాళ్ళు. తల వంచుకుంది వాళ్ళు. “నీ బాంచెను” అన్నది వాళ్ళు. ఏం తప్పు చేసిన్రని?

భూపాలపల్లి మిత్రుడు పాపం కడుక్కునే కాడికి దగ్గర్లనే ఉంటడు. ఆయన జిల్లాలనే కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే తావు. 2025 మే నెలల పన్నెండు రోజులు సరస్వతి పుష్కరాలు జరిగినయి. లచ్చల మంది మునిగిన్రు. ఆయన అంచుల రాసింది చదివి మేం శాన సేపు నవ్వినం: “రస్కోల్నికోవ్ కాళేశ్వరం వచ్చి ఒక్క మునుగు మునిగితే నవల మొదటి భాగంలనే ఒడిసిపోవు.” నవ్వు మాట కాదు. చచ్చినోని ఇంటికి పోవాల్సిన పనిలేదు, వాని పిల్లల మొఖం చూడాల్సిన పనిలేదు, గుంజుకున్న భూమి ఇయ్యాల్సిన పనిలేదు, నీళ్ళు ఉంటే చాలు. అల్యోనా ముసలమ్మ గూడ అదే చేసింది. చాకిరి చేసిన చెల్లెకు పైస రాయకుండ, తన ఆత్మ కోసం ప్రార్థనలు చేయమని పైకమంత మఠానికి రాసింది. మన పెత్తందార్లు హుండీల వేసినట్టు. దేవునితోటి లెక్క తెంపుకుంటరు, మనిషితోటి తెంపుకోరు.

మరి దేవుని ముందు నిజంగ మోకరిల్లేది ఎవలు? మానుకోట జిల్లాల డోర్నకల్ ఉన్నది. 1912ల ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య అక్కడనే పనిచేసిండు. ఆయన కట్టించిన పెద్ద గుడి 1939ల ప్రతిష్ఠ అయింది. ఆ సంఘాలు మాల మాదిగలకు బడి చూపిచ్చినయి, పేరు ఇచ్చినయి, తల ఎత్తి కూసునే బెంచీ ఇచ్చినయి. ఆ మేలు మర్చిపోయే మాట లేదు. కాని ఆదివారం పొద్దున “మేం పాపులం” అని మోకాళ్ళ మీద ఉన్నోళ్ళు ఎవలు? వారమంత ఎవరి చేన్లనో నడుము వంచినోళ్ళు. చేను గట్టు మీద నిలబడి వాళ్ళను తిట్టినోడు మోకరిల్లలే. నవలల సోన్యా రస్కోల్నికోవ్‌ను నాలుగు తొవ్వల కాడికి పోయి, భూమిని ముద్దు పెట్టుకొని, నేనే చంపిన అని నలుదిక్కులకు చెప్పమంటది. మన దగ్గర నాలుగు తొవ్వల కాడ భూమికి మొక్కించింది ఎవరినో మీకు తెలుసు.

ఇగ మా జనగామ. 1946 జులై 4న కడవెండిల ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చిన్రు. దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాల ఉండేది. ఆ దొర కింద వెట్టి అంటే ఏందో మా ముసలోళ్ళు చెప్పంగ విన్నం. మాదిగోడు తోలు శుద్ధి చేసి చెప్పులు, మోట తొండాలు ఊకె ఇయ్యాలె. ఇంటికొక్కరు గడికి చాకిరికి పోవాలె. గడిల మొండిగోడలు ఇంకా కొన్ని ఊర్లల్ల నిలబడే ఉన్నయి. ఆ గోడల నడుమ పెరిగి, పట్నం పోయి, ఇంగ్లీషు చదువులు చదివి, దోస్తోయెవ్‌స్కీ మీద ఉపన్యాసాలిచ్చినోళ్ళను మేం విన్నం. వాళ్ళను ఒక్కటే అడుగుతున్నం. రష్యా పిలగాని అంతరాత్మ మీద అంత మోజున్న మీరు, మీ తాత అంతరాత్మ మీద ఒక్క నవల ఎందుకు రాయలే? మీ ఇంటి బీరువాలల్ల దస్తావేజులున్నయి గద. ఎవరి భూమి ఎట్ల మీ పేరు మీదికొచ్చిందో మీకే తెలుసు. గడిల ఏడ్చిన ఆడోళ్ళ పేర్లు మీ అవ్వలకు తెలుసు. మేం రాస్తే “కులం తెచ్చిన్రు, కక్ష తెచ్చిన్రు” అంటరు. మీరే రాయుండ్రి. మేం చదువుతం.

“మరి మనసు మారాలె గద, చట్టాలతోని ఏమైతది?” అని అడుగుతరు కొందరు. ఈ మాట పాతది. 1932ల పూనా ఒడంబడిక తర్వాత హరిజన సేవక్ సంఘ్ పెట్టిన్రు. అది సవర్ణుల ప్రాయశ్చిత్తం అన్నడు గాంధీ. ప్రాయశ్చిత్తం వాళ్ళది కాబట్టి పెత్తనం గూడ వాళ్ళదే అన్నడు. బాబాసాహెబ్ అందుల నుంచి బయటికొచ్చిండు. ఎందుకు? ఒకని ప్రాయశ్చిత్తానికి ఇంకొకడు సరుకు కావొద్దు కాబట్టి. రస్కోల్నికోవ్ గూడ సైబీరియాల శాన కాలం పశ్చాత్తాప పడలే. తప్పు చేసినందుకు కాదు, తట్టుకోలేక ఒప్పుకున్నందుకు సిగ్గుపడ్డడు. వాని మనసు మారేదాక లిజవేత ఆగాలెనా? ఆమె సచ్చిపోయింది గద!

అందుకే మనకు కావల్సింది కారంచేడు పోరాటం తర్వాత వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం లాంటిది. అది ఎవరి మనసుల ఏమున్నదో చూసి కనికరించదు, చేసిన పనిని చూస్తది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు దాని పండ్లు పీకింది. ఏప్రిల్ 2న దేశమంత దళితులు రోడ్డెక్కిన్రు, బంద్ చేసిన్రు. ప్రాణాలు పోయినయి. ఆగస్టుల పార్లమెంటు చట్టాన్ని మళ్ళ నిలబెట్టింది. ఏ అంతరాత్మ మేలుకొని చేసిన పని కాదిది. జనం చేసిన్రు.

ఇంకో ప్రశ్న గూడ వస్తది. మా దిక్కు పిలగాళ్ళే అడుగుతరు: “ముసలామె వడ్డీలు గుంజినామెనే గద అన్నా, చంపితే తప్పేంది?” ఈ మాటకు జవాబు దాటేయొద్దు. నవల ఇచ్చిన జవాబు ఖతం పెట్టినట్టు ఉన్నది. లోకం మేలు కోసమని ఒక్కడు లెక్క కట్టి గొడ్డలి ఎత్తితే, అది అల్యోనా దగ్గర ఆగదు. తలుపు తీసుకొని లోపలికొచ్చేది లిజవేతనే. గొడ్డలి లెక్కల ఆమె ఉండదు, దెబ్బల మాత్రం ఉంటది. మన తొవ్వ అది కాదు. చదువు, సంఘం, పోరాటం అన్నడు బాబాసాహెబ్. చుండూరోళ్ళు కోర్టునే తమ ఊరికి రప్పిచ్చుకున్నరు. ఏండ్లకేండ్లు పోయి బోనెక్కి పేర్లు చెప్పిన్రు. హైకోర్టు కొట్టేసినా ఆ చెప్పిన మాట కొట్టుకపోలే, రికార్డుల ఉన్నది.

కాబట్టి చదువుండ్రి ఈ నవల. వాడల సంఘం గదుల్ల కూసొని గట్టిగ చదువుండ్రి. చదివినంక పిల్లలను చంపినోని బాధ ఎంతని అడుగొద్దు. చచ్చినామె పేరేందని అడుగుండ్రి. ఆ అంగి కుట్టింది ఎవలు, ఆ పుస్తకం తెచ్చిచ్చింది ఎవలు, ఆ గొడ్డలి ఎవలది, చేయని నేరం ఒప్పుకున్నోడు ఎవలని అడుగుండ్రి. తర్వాత మీ ఊరి లిజవేత పేరు అడుగుండ్రి. ఏ బాయిల పడ్డది, ఏ చేన్ల దొరికింది, పంచనామాల ఏం రాసిన్రు, కేసు ఏమైంది. ఆ పేరు, ఆ తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుండ్రి. వాళ్ళు రాయకపోతే మనమే రాయాలె.